పాతబస్తీ గల్లీల్లో మన కూరగాయల బండి: ఫోన్‌లో ఉన్న జీపీఎస్‌ని సరిగ్గా వాడుకుందాం



జీవామృతం ఎలా కలపాలి, ఆచ్ఛాదన ఎంత మందం వేయాలి అని మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి పొలం దాటి బయటికి వద్దాం. మందులు లేకుండా పండించడం ఒక ఎత్తు. పండించినదాన్ని వాడిపోకముందే తినేవాళ్ళ గడప దాకా చేర్చడం ఇంకో ఎత్తు. ఆ రెండోదానికి పనికొచ్చే పనిముట్టు మన జేబులోనే ఉంది. ఫోన్‌లో ఏ బటన్ ఎక్కడుందో వీడియోలో చూపించాను. ఎందుకు అలా చేయాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూసేంత డేటా లేనివాళ్ళు ఇది చదువుకున్నా చాలు.

ముందు నా అనుభవం చెబుతాను. మా పొలం మహేశ్వరం వైపు. వారానికి రెండు రోజులు తెల్లవారుజామున ఆకుకూరలు కోసి, ఆటో ట్రాలీలో వేసుకుని పాతబస్తీకి వెళ్తాను. తుక్కుగూడ, పహాడీషరీఫ్ దాటి చాంద్రాయణగుట్ట మీదుగా ఫలక్‌నుమా, అలియాబాద్, శాలిబండ, లాల్‌దర్వాజా, మొఘల్‌పురా దాకా ఇళ్ళకు ఇచ్చుకుంటూ పోతాను. మొదటి సంవత్సరం ఏప్రిల్‌లో మొఘల్‌పురా నుంచి ఒక ఆపా ఫోన్ చేసింది. పుంటికూర పది కట్టలు, పాలకూర ఐదు కట్టలు, కొత్తిమీర, పుదీనా కావాలంది. ఆమెకు అది మొదటి ఆర్డరు. ఎంత బాగా ఇస్తే ఆ గల్లీలో ఇంకో నాలుగిళ్ళు అంత త్వరగా వస్తాయి. "లొకేషన్ భేజీ భాయ్, దేఖ్ లో" అంది. నేనూ చూసుకోకుండా ఫోన్‌ని హ్యాండిల్‌కి తగిలించి, అది చూపించినట్టే బండి పోనిచ్చాను.

చాంద్రాయణగుట్ట దాటగానే అది నన్ను సంతోష్‌నగర్ మీదుగా మలక్‌పేటకు తీసుకెళ్ళింది. దగ్గరి దారేమో అనుకున్నాను. "మీరు చేరుకున్నారు" అన్నచోట ఒక పెద్ద ఆఫీసు ఉంది. ఫోన్ చేస్తే ఆపా నాలుక కరుచుకుంది. ముందురోజు డ్యూటీలో ఉండగా ఆఫీసు నుంచే లొకేషన్ పంపిందట! "ఇంట్లో అమ్మ ఉంది, ఆమెతో మళ్ళీ పంపిస్తా" అంది. రెండో లొకేషన్ వచ్చింది. దాన్ని పట్టుకుని మొఘల్‌పురా చేరితే ఫోన్ నన్ను ఒక గోడ ముందు నిలబెట్టింది. ఇల్లు ఆ గోడకు అవతల, వెనక గల్లీలో ఉంది. చాయ్ దుకాణంలో పిల్లాడు ముందు నడిచి దారి చూపించాడు. అప్పటికి పదిన్నర దాటింది. పుంటికూర తల వేలాడేసింది. ఆ రోజు డబ్బు తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

ఆ రోజు రెండు తప్పులు జరిగాయి. మొదటిది మనుషులం చేసింది. ఎక్కడి నుంచి పంపిన లొకేషనో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. రెండోది జీపీఎస్ పనిచేసే తీరు వల్ల జరిగింది. రెండిటికీ మందు ఉంది. కానీ అది తెలియాలంటే ముందు జీపీఎస్ అంటే ఏమిటో తెలియాలి.

జీపీఎస్ అంటే ఏమిటి? ఎలా పనిచేస్తుంది?

పొలంలో హద్దురాయి పోయిందనుకోండి. సర్వేయర్ ఏం చేస్తాడు? తెలిసిన రాళ్ళ దగ్గరి నుంచి గొలుసు లాగుతాడు. ఈ రాయి నుంచి ఇంత దూరం, ఆ రాయి నుంచి ఇంత దూరం అని లెక్క కట్టి, రెండు కొలతలూ కలిసేచోట గునపం దించుతాడు. జీపీఎస్ చేసేది కూడా అదే. తేడా ఒక్కటే, దాని రాళ్ళు ఆకాశంలో ఉంటాయి.

భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. ఈ వ్యవస్థకు కనీసం 24 కావాలి, ప్రస్తుతం 30కి పైగానే తిరుగుతున్నాయి. ఒక్కోదాంట్లో అతి కచ్చితమైన అణుగడియారం ఉంటుంది. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అవి ఎప్పుడూ రేడియో సంకేతం పంపుతూనే ఉంటాయి. మన ఫోన్ ఆ సంకేతాన్ని విని, అది ఎంతసేపటికి వచ్చిందో లెక్కపెట్టి, దూరం తెలుసుకుంటుంది. సంకేతం సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పిపోతాం. మన ఫోన్‌లో గడియారం అంత కచ్చితమైనది కాదు. అందుకే మూడు కాదు, కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి. నాలుగోది ఆ గడియారం తేడాను సరిచేస్తుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఫోన్ ఈ సంకేతాన్ని వింటుందే తప్ప ఉపగ్రహానికి తిరిగి ఏమీ పంపదు. రేడియో వింటే స్టేషన్‌వాళ్ళకు మనం ఎక్కడున్నామో తెలుస్తుందా? ఇదీ అంతే. దీనికి డబ్బు కట్టక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, డేటా అక్కర్లేదు.

1995 నాటికే ఈ వ్యవస్థ పూర్తిగా సిద్ధమైంది. అయితే మామూలు జనానికి అందే సంకేతాన్ని అమెరికా కావాలనే కొంత చెడగొట్టి పంపేది. దానివల్ల వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే నెలలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు పైన ఆకాశం బాగా కనిపించేచోట మామూలు ఫోన్ 5 మీటర్ల తేడాలో మన చోటు చెబుతుంది. రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలను కూడా ఇప్పటి ఫోన్లు వింటాయి. మన ఇస్రో కూడా 2013 నుంచి నావిక్ ఉపగ్రహాలను పంపింది. కొన్ని ఫోన్లు వాటినీ వింటాయి. ఎన్ని ఎక్కువ వింటే అంత మంచిది.

నెట్ దేనికి కావాలి మరి?

చాలామంది రైతులు "మా పొలంలో సిగ్నల్ లేదు, జీపీఎస్ రాదు" అంటారు. అది సరికాదు. జీపీఎస్ వేరు, మ్యాపు వేరు, పంపడం వేరు. మన చోటు తెలుసుకోవడానికి నెట్ అక్కర్లేదు. ఆ చోటు చుట్టూ రోడ్లు, పేర్లు ఉన్న బొమ్మ కనబడటానికి, ఎక్కడ ట్రాఫిక్ ఉందో తెలియడానికి, మన చోటును వాట్సాప్‌లో ఇంకొకరికి పంపడానికి నెట్ కావాలి.

నెట్ ఉంటే ఇంకో లాభం ఉంది. ఏ ఉపగ్రహం ఎక్కడుందో ఫోన్ ముందుగానే నెట్ నుంచి తెలుసుకుని, కొన్ని సెకన్లలో చోటు పట్టేస్తుంది. నెట్ లేకపోతే ఆ సమాచారం కూడా ఉపగ్రహం నుంచే నెమ్మదిగా వినాలి. అప్పుడు అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టవచ్చు. రాలేదని కంగారుపడి ఫోన్ ఆఫ్ చేయకండి. బయట ఓపిగ్గా నిలబడితే వస్తుంది.

ఒకసారి మీరే పరీక్ష చేసి చూడండి. పొలం మధ్యలో నిలబడి డేటా ఆఫ్ చేయండి. లొకేషన్ ఆన్‌లో ఉంచి మ్యాప్స్ తెరవండి. బొమ్మ సరిగ్గా రాకపోయినా నీలి చుక్క వస్తుంది. అదే మీరు.

బొమ్మ కూడా రావాలంటే ఇంట్లో వైఫై ఉన్నప్పుడో, డేటా మిగిలిన రాత్రో ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో పైన కుడివైపు మన ఫోటో నొక్కితే "ఆఫ్‌లైన్ మ్యాప్స్" అని వస్తుంది. మీ ఊరి నుంచి మూసీ దాకా పట్టేలా గడి జరిపి డౌన్‌లోడ్ కొట్టండి. అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తుండాలి, లేకపోతే గడువు అయిపోతుంది. ఆఫ్‌లైన్‌లో అది కారు దారి చెబుతుంది గానీ ట్రాఫిక్ చూపదు, నడక దారి చెప్పదు. పాతబస్తీలో చివరికి మనం నడవాల్సిందే కాబట్టి ఈ లోటును గుర్తుపెట్టుకోండి.

గల్లీల్లో చుక్క ఎందుకు దారి తప్పుతుంది?

మా పొలంలో బోరు దగ్గర నిలబడితే చుక్క బోరు దగ్గరే ఉంటుంది. పత్తర్‌గట్టీ వెనక గల్లీల్లో నిలబడితే పక్క గల్లీలోకి దూకుతుంది. ఫోన్ అదే, ఉపగ్రహాలూ అవే. మధ్యలో గోడలు వచ్చాయి.

గల్లీ ఆరేడు అడుగుల వెడల్పు, రెండు పక్కలా మూడు నాలుగు అంతస్తులు, పైన రేకులు, పరదాలు. తల ఎత్తి చూస్తే పట్టెడంత ఆకాశం. మీ కంటికి ఎంత ఆకాశం కనబడుతుందో ఫోన్‌కీ దాదాపు అంతే. నేరుగా రావాల్సిన సంకేతం గోడకు తగిలి, ఎదురుగోడకు కొట్టుకుని, అప్పుడు ఫోన్‌కి చేరుతుంది. అంటే చుట్టు తిరిగి వచ్చింది. ఆ సంగతి ఫోన్‌కి తెలియదు. దూరం ఎక్కువ ఉందనుకుని మనల్ని పక్క గల్లీలో పెడుతుంది. బావిలో అరిస్తే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనట్టే ఇది కూడా. మొఘల్‌పురా ఆపా వాళ్ళమ్మ ఇంటి లోపలి గదిలో కూర్చుని లొకేషన్ పంపింది. అందుకే నేను గోడ ముందు నిలబడ్డాను.

ఫోన్ ఈ అనుమానాన్ని దాచిపెట్టదు. నీలి చుక్క చుట్టూ లేత నీలం వలయం కనబడుతుంది చూడండి. "నేను ఈ వలయంలో ఎక్కడో ఉన్నాను" అని దాని అర్థం. వలయం చిన్నగా ఉంటే నమ్మండి. పెద్దగా ఉంటే ఆగండి. అప్పుడు ఇలా చేయాలి.

ఒకటి, రోడ్డు కలిసేచోటికో, మసీదు ముందు ఖాళీకో, ఆకాశం కనిపించే ఇంకో చోటికో పది అడుగులు వేసి, ఒక నిమిషం నిలబడండి.

రెండు, సెట్టింగ్స్‌లో లొకేషన్ కింద "లొకేషన్ యాక్యురసీ" ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఉంటే ఫోన్ చుట్టుపక్కల వైఫైలను, సెల్ టవర్లను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. గల్లీల్లో ఇది బాగా సాయం చేస్తుంది.

మూడు, బాణం ఉత్తరం అంటూ దక్షిణం చూపిస్తుంటే ఫోన్‌లో దిక్సూచి చెడిందన్నమాట. ఫోన్‌ని గాలిలో 8 అంకె రాసినట్టు రెండు మూడుసార్లు తిప్పండి. ఆటో ఇనుప బాడీకి, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్‌కి దూరంగా పెట్టి చూడండి.

నాలుగు, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే దారి చూసేటప్పుడు ఆఫ్ చేయండి. దానివల్ల కొన్ని ఫోన్లలో లొకేషన్ ఆలస్యంగా కదులుతుంది.

లొకేషన్ పంపడంలో నాలుగు రకాలు

మనుషులం చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. "లొకేషన్ పంపు" అంటే అందరూ ఒకటే అనుకుంటారు. నిజానికి నాలుగు రకాలున్నాయి.

మొదటిది, ఇప్పుడున్న చోటు. వాట్సాప్‌లో పిన్ గుర్తు నొక్కి, లొకేషన్ నొక్కితే "సెండ్ యువర్ కరెంట్ లొకేషన్" అని ఉంటుంది. ఆ క్షణంలో ఫోన్ ఎక్కడుందో అదే వెళ్తుంది. ఇల్లు ఎక్కడుందో దానికి తెలియదు. ఆఫీసులో నొక్కితే ఆఫీసే వెళ్తుంది. అందుకే కొత్తవాళ్ళకు నేను ఇప్పుడు ఇలా చెబుతాను: "అమ్మా, మీ ఇంటి గేటు బయటికి వచ్చి, ఒక నిమిషం నిలబడి, అప్పుడు పంపండి." ఈ ఒక్క మాటతో సగం తిరుగుడు తప్పింది.

రెండోది, లైవ్ లొకేషన్. ఇది కదిలే చుక్క. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు గడువులుంటాయి. ఇది ఇల్లు చూపించడానికి కాదు, మన బండి ఎక్కడిదాకా వచ్చిందో వాళ్ళకు చూపించడానికి. నేను చాంద్రాయణగుట్ట దగ్గర ఆగి, ఆ రోజు ఆర్డరున్నవాళ్ళకు 1 గంట లైవ్ పెడతాను. "ఎక్కడున్నారు?" అనే ఫోన్లు తగ్గాయి. బండి నడుపుతూ ఫోన్ ఎత్తే ప్రమాదమూ తగ్గింది.

మూడోది, మనమే గుచ్చిన పిన్. మ్యాపులో ఇల్లున్నచోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే ఎర్ర పిన్ పడుతుంది. దాన్ని షేర్ చేయవచ్చు. మనం ఎక్కడున్నా ఇంటి పిన్ పంపడానికి ఇదే మంచి పద్ధతి. అయితే ఇల్లు మ్యాపులో గుర్తుపట్టడం తెలియాలి. శాటిలైట్ బొమ్మ పెట్టుకుంటే తేలిక.

నాలుగోది, అంకెలు, కోడ్‌లు. ఎర్ర పిన్ పెడితే రెండు అంకెలు వస్తాయి. చార్మినార్‌కు 17.3616, 78.4747. ముందుది అక్షాంశం, రెండోది రేఖాంశం. వీటిని మామూలు ఎస్సెమ్మెస్‌లో పంపవచ్చు, ఫోన్‌లో చదివి చెప్పవచ్చు, కాగితం మీద రాసుకోవచ్చు. డేటా అక్కర్లేదు. చుక్క తర్వాత రెండు అంకెలే రాస్తే కిలోమీటరు తేడా రావచ్చు. నాలుగు రాస్తే దాదాపు 11 మీటర్లు, ఐదు రాస్తే దాదాపు మీటరు. కాబట్టి ఐదూ రాయండి. వరస మాత్రం మార్చకండి. చార్మినార్ అంకెలను తారుమారు చేసి 78 ముందు, 17 తర్వాత రాశారనుకోండి, మ్యాపు మిమ్మల్ని ఉత్తర ధ్రువం దగ్గర నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులకు తీసుకెళ్తుంది! ప్రపంచ దేశాల విత్తనాలను మంచుకొండలో దాచిపెట్టిన భాండాగారం ఉన్నది ఆ దీవుల్లోనే. విత్తనాలు దాచుకునే మనకు చూడదగ్గ చోటే గానీ, కొత్తిమీర కట్ట ఇవ్వడానికి మాత్రం కాదు.

ఈ అంకెలనే చిన్న కోడ్‌గా మార్చే పద్ధతులు కూడా వచ్చాయి. గూగుల్ మ్యాప్స్‌లో ప్లస్ కోడ్ కనబడుతుంది. 2025లో మన తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దాన్ని ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ సాయంతో తయారుచేశారు. దేశమంతటినీ సుమారు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గడులుగా విభజించి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. ఇంటి నంబరు లేని పొలానికి కూడా కోడ్ ఉంటుంది. మనలాంటివాళ్ళకు అదే పెద్ద లాభం.

ఒక్కసారి గడప దగ్గర చేసే పని

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఎవరో పంపిన లొకేషన్ మీద ప్రతిసారీ ఆధారపడకండి. మొదటిసారి ఎలాగోలా ఇల్లు పట్టుకున్నాక, ఆ గడప ముందే నిలబడి మీ పిన్ మీరే సేవ్ చేసుకోండి. నాకు ఒక్కో ఇంటికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ఇల్లు వెతకలేదు.

పద్ధతి ఇది. సరుకు ఇచ్చాక గేటు బయటికి వచ్చి నిలబడండి. వలయం చిన్నదయ్యేదాకా ఆగండి. నీలి చుక్క మీద వేలు నొక్కి పట్టుకుని పిన్ వేయండి. పిన్ వెనక గల్లీలో పడితే చేత్తో సరైన గల్లీలో మళ్ళీ వేయండి. తర్వాత "సేవ్" కొట్టి పేరు పెట్టండి. పేరులో ఇంటివాళ్ళ పేరొక్కటే పెడితే చాలదు, గుర్తు కూడా రాయాలి. నా ఫోన్‌లో ఇలా ఉంటాయి: "లాల్‌దర్వాజా అమ్మ, వేపచెట్టు ఎదురుగా, నీలం గేటు, మొదటి అంతస్తు." "మొఘల్‌పురా ఆపా, చాయ్ దుకాణం పక్క సందు, బండి పట్టదు."

గుర్తు ఎందుకంటే పాతబస్తీలో చిరునామా అంటే అదే. ఇంటి నంబర్లు ఉన్నాయి. వార్డు నంబరు, బ్లాకు నంబరు, ఇంటి నంబరు, ఆ తర్వాత అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా పుట్టిన బై నంబర్లు. వాటిని చూసి ఇల్లు పట్టుకోవడం కొత్తవాళ్ళ వల్ల కాదు. ఎవరిని అడిగినా కమాన్, మసీదు, గుడి, బావి, దేవిడి, చాయ్ దుకాణం పేరే చెబుతారు. 1591లో చార్మినార్ కట్టారు. దాని ఉత్తరాన గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు కమాన్లున్నాయి. మచ్లీ కమాన్, కాలీ కమాన్ అంటే ఇవాళ్టికీ ఎవరైనా చేయి చూపిస్తారు. జీపీఎస్ మనల్ని గల్లీ మొదటిదాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి గడప దాకా ఉన్న యాభై అడుగులకు గుర్తు కావాలి, మనిషి కావాలి. రెండూ కలిపి వాడుకున్నవాడికే ఇల్లు దొరుకుతుంది.

అడగడానికి మొహమాటపడకండి. "భాయ్, ఫలానా కమాన్ కిధర్?" అంటే పాతబస్తీలో పనిమానుకుని మరీ వచ్చి చూపిస్తారు. నాకు నలుగురు వాడుక ఖాతాదారులు అలా దారి అడిగినచోటే దొరికారు.

బండి వరస, బండి నిలిపిన చోటు

సేవ్ చేసిన పిన్‌లన్నీ ఉన్నాక ఉదయం బయలుదేరే ముందు దారి కట్టుకోవచ్చు. మ్యాప్స్‌లో మొదటి ఇల్లు పెట్టి, మూడు చుక్కలు నొక్కి "యాడ్ స్టాప్" అంటే తర్వాతి ఇళ్ళు చేర్చవచ్చు. తొమ్మిది స్టాపుల దాకా పెట్టుకోవచ్చు. ఒక్క విషయం, వాటిని దగ్గరి వరసలో అదే పేర్చదు. మనమే వేలితో పైకీ కిందికీ జరుపుకోవాలి. నేను ఆకుకూరల ఇళ్ళు ముందు, దుంపలు, పప్పులు తీసుకునే ఇళ్ళు తర్వాత పెడతాను. దారి కొంచెం ఎక్కువైనా ఎండ ఎక్కకముందు ఆకుకూర చేరాలి కదా!

మ్యాపు చూపించిన ప్రతి గీతా బండి పట్టే దారి కాదు. దానికి మన ట్రాలీ వెడల్పు తెలియదు. చార్మినార్ చుట్టూ బండ్లు తిరగనివ్వరు. శుక్రవారం మధ్యాహ్నం మక్కామసీదు వైపు, రంజాన్ సాయంత్రాలు, లాల్‌దర్వాజా బోనాల రోజు, మొహర్రంలో బీబీకా ఆలం ఊరేగింపు రోజు దారులు మారుతాయి. ఆ రోజుల్లో నేను ముందే ఇళ్ళవాళ్ళకు చెప్పి ఒకరోజు ముందు ఇచ్చేస్తాను.

బండి పెద్ద రోడ్డు మీద నిలిపి, బుట్ట పట్టుకుని నడిచి వెళ్ళేటప్పుడు నీలి చుక్క నొక్కి "సేవ్ పార్కింగ్" కొట్టండి. నాలుగు గల్లీలు తిరిగాక బండి ఎక్కడ పెట్టానో మరిచిపోయి నేను రెండుసార్లు మీర్ ఆలం మండీ చుట్టూ తిరిగాను. ఇప్పుడు ఆ బాధ లేదు.

నడిపేటప్పుడు తెర చూడకండి. మ్యాప్స్‌లో తెలుగు గొంతు పెట్టుకుని వినండి. తెర ఎప్పుడూ వెలుగుతుంటే బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఎండలో ఫోన్ కాలిపోతుంది. ఆటోలో చార్జర్ పెట్టించుకోండి.

ఇంకొకరి ఇల్లు మన చేతిలో ఉంది

ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది. ఎవరైనా తమ ఇంటి లొకేషన్ పంపారంటే మనల్ని నమ్మి గడప చూపించారన్నమాట. మగవాళ్ళు డ్యూటీకి పోయాక ఆడవాళ్ళే ఉండే ఇళ్ళు చాలా ఉంటాయి. ఆ లొకేషన్‌ని మన రైతుల గ్రూపులో పెట్టకూడదు. "ఈ ఇంట్లో కూడా తీసుకుంటారు" అని ఇంకొకరికి ఫార్వర్డ్ చేయకూడదు. అడిగి, సరే అన్నాకే ఇవ్వాలి. గేటు గుర్తుకోసం ఫోటో తీస్తే మనుషులు పడకుండా తీయండి.

మన సంగతీ చూసుకోవాలి. లైవ్ లొకేషన్ పని అయిపోగానే "స్టాప్ షేరింగ్" కొట్టండి. 8 గంటలు పెట్టి మరిచిపోతే సాయంత్రం మనం ఎక్కడ తిరిగామో అందరికీ తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ఏ ఏ యాప్‌కి లొకేషన్ అనుమతి ఉందో ఒకసారి చూడండి. దారికి సంబంధం లేని ఆటల యాప్‌లకు, టార్చ్ యాప్‌లకు అది అక్కర్లేదు. తీసేయండి.

ఇదే పని మీ పొలంలోనూ చేయండి

ఇంతదాకా ఊరివాళ్ళ గడప సంగతి మాట్లాడాం. మన పొలానికి గడప ఎక్కడుంది? సర్వే నంబరు చెబితే రెవెన్యూవాళ్ళకి అర్థమవుతుంది గానీ, అంబులెన్స్ డ్రైవర్‌కి అర్థం కాదు. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ఆ నంబరు మన అందరికీ నోటికి వచ్చు. కానీ రాత్రి నీళ్ళు పెట్టడానికి పోయినవాడికి పాము కరిస్తే, ఫోన్‌లో "ఎక్కడికి రావాలి?" అని అడిగినప్పుడు ఇంట్లోవాళ్ళు ఏం చెబుతారు?

రేపే ఈ పని చేయండి. బండి వచ్చే దారి పొలంలోకి మళ్ళేచోట నిలబడి పిన్ వేయండి, బోరు దగ్గర ఇంకోటి వేయండి. రెండూ ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేయించండి. ఆ అంకెలను ఐదు స్థానాల దాకా మోటారు గది గోడ మీద పెయింట్‌తో పెద్దగా రాయించండి. పక్కనే గుర్తు రాయించండి: "పెద్ద చింతచెట్టు దగ్గర ఎడమకు." నెట్ లేకపోయినా, చదువుకున్న పిల్లవాడు ఎవరున్నా ఫోన్‌లో చదివి చెప్పగలడు. మా గోడ మీద రాయించినప్పుడు మా నాన్న నవ్వాడు. "తాత తండ్రుల పొలానికి ఇప్పుడు అంకెలెందుకురా" అన్నాడు. పోయిన వానాకాలంలో పక్క పొలం ఆయన గట్టు మీద జారి కాలు విరిగితే, ఆ అంకెలు చదివి చెప్పింది మా నాన్నే.

ఇక మొఘల్‌పురా ఆపా సంగతి. మరుసటి వారం తెల్లవారి ఏడుకే ఆమె గడప ముందు ఉన్నాను. పుంటికూర మీద మంచు తడి ఇంకా ఆరలేదు. కట్ట చేతిలోకి తీసుకుని వాసన చూసి లోపలికి కేకేసింది. ఆ నెలలోనే ఆ గల్లీ నుంచి ఇంకో మూడిళ్ళు చేరాయి. వాటి పిన్‌లన్నీ ఇప్పుడు నా ఫోన్‌లో ఉన్నాయి, గుర్తులతో సహా.

మీరు కూడా మీ ఖాతాదారుల ఇళ్ళు ఇలా సేవ్ చేసుకోండి. ఎక్కడైనా ఇబ్బంది వస్తే అడగండి, నాకు తెలిసినంతవరకు చెబుతాను. ముందు మాత్రం మోటారు గది గోడ మీద ఆ అంకెలు రాయించండి.

సెలవు. మళ్ళీ కలుద్దాం.